నలభై ఏళ్లుగా ఏమీ కాలేదు

విజయవాడ సత్యనారాయణపురంలో మూడంతస్తుల ఇల్లు. కింది వాటా 1979లో కట్టింది. పై అంతస్తులు చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒకటొకటిగా లేచాయి. యజమాని రిటైరైన లెక్కల మాస్టారు. కింద తానుంటూ, పైన నాలుగు వాటాలు అద్దెకిచ్చారు. ఆయన మేనకోడలు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతుంది. రెండో అంతస్తులో అద్దెకున్నావిడ కూలరు మీద చెయ్యి వేస్తే షాక్ కొట్టిందని తెలిసి, వెళ్లి చూసొచ్చింది. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్య నడిచిన వాదన ఇది. వింటూ పక్కనే కూర్చున్నవాణ్ణి కాబట్టి నా అభిప్రాయం కూడా అక్కడక్కడా కలిపాను.

మామయ్య: కూలరు వాళ్లది, దాని ప్లగ్గూ వాళ్లదే. కూలరు పాడైతే కూలరు బాగుచేయించుకోవాలి. దానికోసం ఇంటి వైరింగంతా తిరగదోడమంటే ఎట్లా అమ్మాయ్? నలభై ఏళ్లు దాటింది ఈ ఇంటికి. ఎంతమంది అద్దెకుండి వెళ్లారు! ఒక్కరికి ఏమైనా అయిందా?

మేనకోడలు: కూలరు తప్పు కూలరుదే మావయ్యా, కాదనను. ఇనపరేకు డబ్బా, అడుగున నీళ్లు, ఆ నీళ్లలో పంపు. ఏదో ఒకనాడు వైరు తొడుగు చివికి ఫేజు రేకుకి తగులుతుంది. ప్రతి వేసవిలోనూ మన రెండు రాష్ట్రాల్లో కూలరు షాక్‌తో పోయినవాళ్ల వార్తలు వస్తూనే ఉంటాయి కదా. అయితే తగిలిన మరుక్షణం కరెంటు దానంతట అది ఆగిపోవాలి. ఆ పని కూలరుది కాదు, ఇంటిది. మీ ఇంట్లో అది ఆగలేదు. ఆవిడ వచ్చి తాకేదాకా ఆ రేకు కరెంటుతోనే ఉంది. కాళ్లకి రబ్బరు చెప్పులున్నాయి, నేల పొడిగా ఉంది, బతికిపోయింది.

మామయ్య: ఆగకపోవడానికి ఏం లోటు చేశాను? పాత పింగాణీ ఫ్యూజులన్నీ పీకించి ఎంసీబీలు పెట్టించాను. షాక్ కొడితే అవి పడిపోవాలా వద్దా?

మేనకోడలు: లెక్క మీరే వేయండి. ఇంటికొచ్చేది 230 వోల్టులు. చేతి నుంచి పాదం దాకా మనిషి ఒంటి నిరోధం సుమారు 1000 ఓములనుకోండి. ఒళ్లు తడిస్తే ఇంకా తగ్గుతుంది.

మామయ్య: 0.23 ఆంపియర్లు.

మేనకోడలు: అంటే 230 మిల్లీ ఆంపియర్లు. పది మిల్లీ ఆంపియర్లు దాటితేనే కండరాలు బిగుసుకుపోయి పట్టిన చెయ్యి వదలడం కష్టమవుతుంది. ముప్ఫై దాటి కాసేపు ప్రవహిస్తే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. ఇప్పుడు మీ ఎంసీబీ మీద ఏం రాసుందో చూడండి. సీ16. పదహారు ఆంపియర్లు మించితే తప్ప అది కదలదు. మనిషి ప్రాణం తీయడానికి చాలినంత కరెంటు దాని లెక్కలో ఒక సీలింగ్ ఫ్యాను తిరుగుతున్నంత.

ఈ ఒక్క విషయం ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్లకీ తెలిసుండాలని నాకనిపిస్తుంది. ఎంసీబీ కాపాడేది వైరుని. వైరు మోయలేనంత భారం పడితే, లేదా ఫేజూ న్యూట్రలూ నేరుగా కలిసిపోతే, వైరు కాలక ముందే తెంచేస్తుంది. మంటలు రాకుండా చూడడంలో దాని మేలు చాలా పెద్దది. మనిషి దాని లెక్కలోకి రాడు. కొత్త అపార్టుమెంటు చూడ్డానికి వెళ్లినవాళ్లు మెయిన్ డబ్బా మూత తెరిచి, వరసగా తెల్లటి ఎంసీబీలు కనిపించగానే తృప్తిపడి మూసేస్తారు. చూడవలసింది వాటి పక్కన ఇంకొకటి ఉందా లేదా అన్నది.

మామయ్య: సరే, ఎంసీబీ కాదనుకుందాం. ఎర్తింగ్ ఉంది కదా! ఇల్లు కట్టినప్పుడే పెరట్లో గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ వేసి పైపు దింపించాను. పోయినేడు ఎలక్ట్రీషియన్ వచ్చి ఫేజుకీ ఎర్తుకీ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి నా కళ్లముందే చూపించాడు. ధగధగా వెలిగింది. ఇంకేం రుజువు కావాలి?

మేనకోడలు: ఆ బల్బు నిరోధం ఎంత?

మామయ్య: 230 ఇంటు 230, భాగించు వంద... 529 ఓములు.

మేనకోడలు: మీ ఎర్తు గొయ్యి బాగా పాడైపోయి 50 ఓములు ఉందనుకోండి. మొత్తం 579. బల్బు మీద పడే వోల్టేజి?

మామయ్య: రెండొందల పది.

మేనకోడలు: 230 దగ్గర వెలిగే బల్బుకీ 210 దగ్గర వెలిగే బల్బుకీ తేడా కంటితో పట్టగలరా? ఎవరూ పట్టలేరు. ఆ బల్బు అడిగేదే అర ఆంపియరుకి లోపు. అంత కొంచెం కరెంటుకి పనికిమాలిన ఎర్తు కూడా దారిస్తుంది. ఇప్పుడు అదే 50 ఓముల ఎర్తుతో కూలరు రేకుకి ఫేజు తగిలిందనుకోండి. 230ని 50తో భాగించండి.

మామయ్య: 4.6. పదహారుకి మూడో వంతు కూడా లేదు.

మేనకోడలు: ఎంసీబీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. రేకు మీద వోల్టేజి దాదాపు మొత్తం అలాగే ఉంటుంది. ఇంకో సంగతి చూడండి. ఆ వాటాలో ఫ్రిజ్జు, వాషింగ్ మెషిను, గీజరు, అన్నిటి ఎర్తు వైర్లూ ఒకదానికొకటి కలిసే ఉన్నాయి. గొయ్యి పనిచేయనప్పుడు కూలరులో వచ్చిన కరెంటు అదే వైరు పట్టుకుని గీజరు పైపుల దాకా పోతుంది. హాల్లో కూలరు చెడితే స్నానాల గదిలో కుళాయి తిప్పినవాళ్లకి షాక్ కొడుతుంది.

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. ఆయన ఓడిపోయారని కాదు. లెక్క సరిగ్గా ఉందని తోచినప్పుడు ఒప్పుకోకుండా ఉండలేని మనిషి. ఆ తర్వాత అడిగిన ప్రశ్న కూడా లెక్కల మాస్టారు అడగాల్సిందే.

మామయ్య: గొయ్యి బాగుచేయించి 5 ఓములకి దింపాననుకో. అప్పుడు 46 ఆంపియర్లు పోతాయి. పదహారుకి దాదాపు మూడు రెట్లు. అప్పుడైనా పడిపోతుందా?

మేనకోడలు: పడిపోతుంది, కానీ వెంటనే కాదు. సీ రకం ఎంసీబీ తక్షణం తెగాలంటే దాని అంకెకి ఐదు నుంచి పది రెట్లు కావాలి. అంటే 80 నుంచి 160 ఆంపియర్లు. మూడు రెట్ల దగ్గర లోపలి లోహపు పట్టీ వేడెక్కి వంగేదాకా ఆగాలి. దానికి కొన్ని సెకన్లు పట్టవచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అంతసేపు ఆవిడ చెయ్యి రేకుకి అతుక్కుని ఉంటే? పైగా 5 ఓములు అన్నిచోట్లా దొరకవు. ఇక్కడ కృష్ణ ఒడ్డు నేల, తేమ పట్టి ఉంచుతుంది కాబట్టి కాస్త నయం. హైదరాబాదులో రాతి మీద కట్టిన ఇళ్లకి ఆ అంకె రావాలంటే ఎంత కష్టపడాలో మా పిల్లలని తీసుకెళ్లి కొలిపించినప్పుడు చూశాను. అందుకే గొయ్యి ఎంత బాగున్నా ఆర్‌సీసీబీ ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్లది.

మామయ్య: ఆ మాట ఎప్పుడంటావా అని చూస్తున్నాను. పెట్టించాను తల్లీ, రెండేళ్ల కింద. రెండు మూడు వేలు పెట్టి కొన్నాను. వాన చినుకు పడితే చాలు, ఇల్లంతా చీకటి. రాత్రి పదకొండింటికి వాటాల వాళ్లొచ్చి తలుపు కొట్టేవాళ్లు. ఒకరి ఫ్రిజ్జులో పాలు విరిగిపోయాయి, ఇంకొకరి పిల్లాడికి పరీక్షలు. చివరికి ఎలక్ట్రీషియనే దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపి వెళ్లాడు. నీ పుస్తకంలో చెప్పింది నా ఇంట్లో నడవలేదు.

ఇక్కడ నేను మాస్టారి పక్షం. భద్రత గురించి చెప్పేవాళ్లు ఈ ఇబ్బందిని చాలా తేలిగ్గా తీసిపారేస్తారు. ఊరికే పడిపోయే పరికరాన్ని ఎవరూ భరించరు. భరించలేక తప్పించేసినవాళ్లని నిర్లక్ష్యపరులని తిట్టినంత మాత్రాన ఒక్క ఇల్లు కూడా బాగుపడదు. ఎందుకు పడిపోయిందో వెతికేవాళ్లు కావాలి. మేనకోడలు కూడా ఈ మాటకి ఎదురు చెప్పలేదు.

మేనకోడలు: మీ ఇబ్బంది నిజమే. కానీ అది ఊరికే పడిపోలేదు మావయ్యా. ఆర్‌సీసీబీ చేసేదల్లా గల్లాపెట్టె లెక్క చూడడమే. ఫేజులోంచి ఎంత వెళ్లింది, న్యూట్రల్లోంచి ఎంత తిరిగొచ్చింది? 30 మిల్లీ ఆంపియర్లు తగ్గాయంటే, అవి ఎక్కడో ఇంకో దారిన నేలలోకి పోతున్నాయన్నమాట. ఆ దారి గోడ చెమ్మ కావచ్చు, మనిషి ఒళ్లు కావచ్చు. అది తేడా చూడదు, సెకనులో మూడో వంతు లోపే తెంచేస్తుంది. మీ ఇంట్లో మొత్తం నాలుగు వాటాలకీ ఒక్కటే పెట్టారు. ఒకరి గీజరులో కాయిల్ లీకైతే నలుగురికీ చీకటి. పైగా ఇందాక మెట్ల దగ్గర డబ్బా విప్పి చూశాను. మెట్ల లైట్ల న్యూట్రల్ మొదటి అంతస్తు నుంచి వస్తోంది, ఫేజు రెండో అంతస్తు నుంచి. అలా కలగలిసిన ఇంట్లో వాటా వాటాకీ వేరే పెడితే, మెట్ల లైటు వేసిన ప్రతిసారీ పడిపోతుంది. ముందు ఎవరి న్యూట్రల్ వాళ్లకి విడగొట్టాలి. ఆ తర్వాత వాటాకొకటి.

మామయ్య: అది పెడితే ఇక షాకే కొట్టదా?

మేనకోడలు: కొడుతుంది. తగిలిన క్షణం జిల్లుమంటుంది, కానీ పట్టి ఉంచదు. ఒక చేత్తో ఫేజునీ ఇంకో చేత్తో న్యూట్రల్‌నీ పట్టుకుని, ఎండిన చెక్క బల్ల మీద నిలబడ్డవాణ్ణి మాత్రం కాపాడలేదు. ఎంత వెళ్లిందో అంతా తిరిగొచ్చేస్తుంది కాబట్టి దాని లెక్క సరిపోతుంది. ఓవర్‌లోడుకీ అది పడదు. అందుకే ఎంసీబీ, ఎర్తు, ఆర్‌సీసీబీ మూడూ ఉండాలి.

మామయ్య: రెండో అంతస్తులో ఇంకో ప్లగ్గు విప్పి చూసి నొసలు చిట్లించావట. ఏముంది అందులో?

మేనకోడలు: ఎర్తు పిన్నుకి గొయ్యి నుంచి వచ్చే ఆకుపచ్చ వైరు లేదు. న్యూట్రల్ నుంచి జానెడు ముక్క తెచ్చి ఎర్తుకి కలిపారు. టెస్టరు పెడితే అంతా సవ్యంగా కనిపిస్తుంది. ఎక్కడైనా ఆ న్యూట్రల్ జాయింటు ఊడిందో, ప్లగ్గులో పెట్టిన వస్తువు లోంచి ఫేజు తిరిగొచ్చి ఆ ముక్క గుండా నేరుగా వస్తువు రేకు మీదకి చేరుతుంది. చెడిపోని ఫ్రిజ్జు కూడా షాక్ కొడుతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను మిగతా రెంటికన్నా లావుగా, పొడుగ్గా ఎందుకుంటుంది? పెట్టేటప్పుడు ముందు అది కలవాలి, తీసేటప్పుడు చివర అది విడవాలి. అంత ఆలోచించి చేసిన పిన్నుని మనవాళ్లు ఒక్క వైరు ముక్కతో పాడుచేశారు.

మామయ్య: ఆ పని చేసినవాడు అద్దెకున్నవాళ్ల మనిషి.

మేనకోడలు: కావచ్చు. మీటరు దాకా డిస్కమ్ బాధ్యత, మీటరు దాటాక వైరింగ్ ఎవరి ఆధీనంలో ఉంటే వాళ్లు భద్రంగా ఉంచాలి. 2010 నాటి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లోనే ఈ మాట ఉంది. 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. ఇల్లు అద్దెకిచ్చినంత మాత్రాన గోడలో వైరు మీది కాకుండా పోదు.

మామయ్య: గోడలో వైరు నాదే. దాని మీద పడే భారం నాదా? అప్పట్లో ఒక్కో వాటాకి మూడు లైట్లు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో అనుకుని వేయించాను. ఇప్పుడు ఇండక్షన్ స్టవ్వు, గీజరు, ఏసీ. మొదటి అంతస్తు కుర్రాడు రాత్రంతా స్కూటరు ఛార్జింగ్ పెడతాడు. వద్దంటే ఇల్లు ఖాళీ చేస్తానంటాడు.

మేనకోడలు: ఇందులో మీ బాధ నాకర్థమవుతుంది. కింద ఇంకా చెక్కపట్టీల మీద క్లిప్పులు కొట్టిన అల్యూమినియం వైరే ఉంది. అల్యూమినియం స్క్రూ కింద నలిగి నలిగి వదులవుతుంది, పైన పొర కట్టి కరెంటుని అడ్డుకుంటుంది. వదులైన జాయింటులో కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు పుడుతుంది. స్కూటరులాగా గంటల తరబడి ఆగకుండా తీసుకునే భారం అక్కడే బయటపడుతుంది. స్విచ్చి బోర్డు మీద గోధుమరంగు మరక, కాలిన వాసన వచ్చాయంటే ఆ రోజే ఆపేయాలి. ఇంకా ఘోరం చెప్పనా? ఇండక్షన్ స్టవ్వు పెడితే పడిపోతోందని ఎవరో 10 ఆంపియర్ల ఎంసీబీ తీసి 32ది బిగించారు. వెనక వైరు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లదే. 32 ఆంపియర్లు వచ్చేలోపు వైరు తొడుగు కరిగిపోతుంది. పడిపోతున్న ఎంసీబీ వైరు లావు చేయమని అడుగుతోంది. మీ ఎలక్ట్రీషియన్లు సెవెన్ ట్వంటీ అంటారే, ఇప్పటి లెక్కలో దాదాపు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి, ఏసీకీ గీజరుకీ అది వేరుగా రావాలి.

మామయ్య: అంటే గోడలన్నీ పగలగొట్టమంటావు. నాకొచ్చే అద్దె ఎంతో తెలుసా నీకు?

మేనకోడలు: పై అంతస్తుల్లో గోడల్లో పైపు ఉంది కాబట్టి పాత వైరు చివరనే కొత్తది కట్టి లాగవచ్చు, పగలగొట్టక్కర్లేదు. కింద పట్టీలు తీసి పైపైనే పీవీసీ కేసింగ్ వేయించవచ్చు. అదంతా తర్వాత. ఈ పూట చేయాల్సింది ఇంకొకటుంది. డాబా మీద బట్టలారేసే దండెం ఇనపతీగ కదా? దాని ఒక కొస ఎక్కడ కట్టారు?

మామయ్య: సర్వీసు వైరు వచ్చే పైపుకి. ఎప్పటినుంచో అక్కడే ఉంది.

మేనకోడలు: స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు ఒక ఇనపతీగ మీద వేలాడుతుంది. గాలికి రాసుకుని రాసుకుని తొడుగు చిరిగితే ఆ తీగకీ, పైపుకీ, దండేనికీ కరెంటు ఎక్కుతుంది. మీ మెయిన్ ఆపినా అది పోదు, ఎందుకంటే మెయిన్ కన్నా ముందే ఎక్కింది. మీ ఆర్‌సీసీబీకీ తెలియదు. వానాకాలంలో తడి బట్టలు ఆరేయబోయిన మనిషి, ఆవిణ్ణి లాగబోయిన ఇంకో మనిషి, ఇద్దరూ పోయారని ఎన్ని వార్తలు చదివాం! ఇనపతీగ విప్పేసి నైలాను తాడు కట్టండి, ఆ పైపుకి దూరంగా. విప్పే ముందు లైన్‌మ్యాన్‌ని పిలిచి స్తంభం దగ్గర సరఫరా ఆపించండి. 1912కి ఫోన్ చేసినా వస్తారు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) ఏటా ఇచ్చే ప్రమాద మరణాల నివేదికల్లో కరెంటు షాక్‌తో పోయినవాళ్ల సంఖ్య ఈ మధ్య ఏళ్లలో పది వేలకి దిగడం లేదు. పొలంలో మోటారు దగ్గర పోయిన రైతులూ, లైన్ల మీద పోయిన కార్మికులూ వాళ్లలో ఉన్నారు. దండెం దగ్గర, కూలరు దగ్గర, సంపు మోటారు స్విచ్చి దగ్గర పోయినవాళ్లూ ఉన్నారు. నలభై ఏళ్లుగా ఏమీ కాలేదన్న మాట వాళ్లలో చాలామంది ఇళ్లలో అంతకుముందు రోజు వరకూ నిజమే అయి ఉంటుంది. ఆ మాటకి నేను విలువివ్వలేకపోవడానికి కారణం ఇదే.

మామయ్య: నువ్వు చెప్పేవన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ చేసేదెవరు? ఈ పేటలో నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్లందరి దగ్గరా ఉన్నది ఒక టెస్టరు, ఒక కటింగ్ ప్లయరు. బల్బు పెట్టి చూసినవాడూ వాళ్లలో ఒకడే, న్యూట్రల్ ముక్క కట్టినవాడూ ఒకడే. ఇన్సులేషను కొలిచే మెగ్గరు ఎవరి దగ్గరుంది? ఎర్తు కొలిచే మీటరు ఎవరి దగ్గరుంది? నన్ను తప్పు పట్టడం తేలిక.

మేనకోడలు: ఇది మీరు గెలిచారు మావయ్యా. చాలామంది దగ్గర లేదు. చేతిపనిలో దిట్టలే, కొలిచే అలవాటు మాత్రం ఎవరూ నేర్పలేదు వాళ్లకి. నేర్పాల్సిన చోట పనిచేస్తున్న నాకూ ఇందులో బాధ్యత ఉంది. ప్రభుత్వ లైసెన్సున్న కాంట్రాక్టర్ల దగ్గర మీటర్లు ఉంటాయి. పిలిచేటప్పుడే అడగండి. పని అయ్యాక కాగితం మీద మూడు అంకెలు రాసివ్వమనండి. ఎర్తు గొయ్యి ఎన్ని ఓములు? 500 వోల్టుల మెగ్గరు పెడితే వైర్ల ఇన్సులేషను ఎన్ని మెగా ఓములు? అది ఒకటికి తగ్గకూడదు. ఆర్‌సీసీబీ ఎన్ని మిల్లీ సెకన్లలో తెగింది? ఇవి రాసివ్వలేనివాడికి డబ్బులివ్వకండి.

మామయ్య: డబ్బుల విషయంలో నా మాట మారదు. గీజర్లూ ఏసీలూ పెట్టుకున్నది వాళ్లు. ఆ వైర్ల ఖర్చులో సగం వాళ్లు ఇవ్వాలి.

మేనకోడలు: ఏసీ వైరు వరకూ అడగండి. ఎర్తుకీ ఆర్‌సీసీబీకీ అడగకండి. అవి ఇంటికి తలుపులాంటివి, తలుపు ఖర్చు అద్దెకొచ్చినవాళ్లని అడుగుతారా?

మామయ్య: ఒప్పుకోను. ఆ సంగతి తర్వాత తేల్చుకుందాం. ఆర్‌సీసీబీ మీద టెస్టు బటన్ ఉంటుంది కదా, అది ఎవరు నొక్కాలి?

మేనకోడలు: మీరే నొక్కండి, నెలకోసారి. నొక్కితే పడిపోవాలి, పడకపోతే మార్చాలి. అది పరికరం కదులుతోందా అని మాత్రమే చూపిస్తుంది, గొయ్యి సంగతి చెప్పదు.

మామయ్య: అద్దె తీసుకునే రోజున నొక్కుతాను. ఇక ఈ కొలిచే మనిషిని వానలు పడ్డాక పిలుద్దాం. ఈ ఎండలో పెరట్లో ఎవరు నిలబడతారు?

మేనకోడలు: వానలు పడ్డాక నేల తడిసి ఉంటుంది, పాడైన గొయ్యి కూడా మంచి అంకె చూపిస్తుంది. మే నెలలో, నేల ఎండి ఉన్నప్పుడు ఎంత చూపిస్తుందో అదే దాని అసలు బలం. ఇప్పుడే కొలవాలి.

మామయ్య: అయితే ఈ వారమే రమ్మను. పొద్దున్నే ఆరింటికి రమ్మను. అంకె నా ముందు రాయాలి.